పూజకని అడిగిన మాత్రలు

మూడేళ్ల కిందట మా మేనకోడలి భర్త నా మందుల షాపుకొచ్చి, ఇంట్లో పూజ ఉందని చెప్పి నెలసరి వాయిదా మాత్రలు కొనుక్కుపోయేవాడు. అతను వాటిని గర్భం రాకుండా ఉండటానికి కొంటున్నాడని నాకు తెలుసు. అవి అందుకు పనికిరావని కూడా తెలుసు. ఆ సంగతి అతనికి చెప్పలేదు. తర్వాత మేనకోడలే వచ్చి నన్ను అడిగితే అబద్ధం చెప్పాను. మా బంధువుల్లో ఈ విషయం ఇప్పటికీ తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది చిలకలూరిపేటకూ మార్టూరుకూ మధ్య, హైవేకి కొంచెం లోపలగా ఉన్న ఊరు. మిరప, పత్తి, కాస్త శనగ. నేను డి.ఫార్మసీ చదివి బజార్లో మందుల షాపు పెట్టుకున్నాను. నా షాపుకు ఆనుకునే పురుగుమందుల షాపు ఉంది. మధ్యలో ఉన్నది ఒక్క గోడ. అటు జరిగే మాటలు వింటూ ఇటు కూర్చోవడమంత విసుగు పుట్టించే పని ఇంకొకటి లేదు.

అక్కడికి రైతు మిరపాకు తుంచుకుని వస్తాడు. కౌంటరు మీద పరిచి, ఇది నల్లి పురుగా, తామర పురుగా అని మొదలుపెడతాడు. ట్యాంకుకు ఎంత పోయాలి, దేంతో కలపొచ్చు, దేంతో కలిపితే ఆకు మాడుతుంది, కొట్టాక వాన పడితే మళ్లీ కొట్టాలా, కోతకు ఎన్నాళ్ల ముందు ఆపాలి, అన్నీ కావాలి. చెప్పింది నచ్చకపోతే షాపాయనతోనే పోట్లాడతాడు. పదిమంది వింటున్నారన్న బెరుకు ఉండదు. అలాంటి రైతు ఇంటి కుర్రాడే ఆ పక్కనే ఉన్న నా షాపు మెట్టెక్కితే మాత్రం రోడ్డు వైపు చూస్తూ నిలబడతాడు. ముందు తలనొప్పి మాత్ర అడుగుతాడు. తర్వాత పళ్ల పేస్టు. మనుషులంతా వెళ్లిపోయాక గొంతు తగ్గించి అసలు సంగతి అడుగుతాడు. ఇచ్చింది ఏమిటో, ఎలా వాడాలో వినడు. జేబులో పెట్టుకుని పరుగే.

అది కూడా మా ఊరి కుర్రాడు కాదు. కండోమ్ ప్యాకెట్ కావాల్సిన మా ఊరి కుర్రాడు మార్టూరు పోతాడు. మార్టూరు కుర్రాడు నా దగ్గరికి వస్తాడు. ఇద్దరూ దారిలో ఎదురుపడుతూనే ఉండి ఉంటారు. ఒకసారి ఇంజినీరింగు చదివే పిల్లవాడు, తొందరపడితే మర్నాడు వేసుకునే మాత్ర కొంటూ, ఇది ఒకసారి వేసుకుంటే నెలంతా పనిచేస్తుందా అంకుల్ అన్నాడు. పనిచేయదు అన్నాను. అతను రెండో ప్రశ్న అడగలేదు. నేనూ రెండో మాట చెప్పలేదు. ఇంకొకడు బొప్పాయి సరిపోదా అన్నాడు. అలాంటివాళ్లను చూసి సాయంత్రం ఇంటికెళ్లి మా ఆవిడ దగ్గర విసుక్కునేవాణ్ణి, ఇంత చదువులు చదివి ఏం లాభం అని. మందుల షాపులో కూర్చుని రెండో మాట చెప్పనివాడు ఎవరని మా ఆవిడ అడగలేదు.

పెళ్లయినవాళ్లు ఇంకా అన్యాయం. మా వైపు పెళ్లయిన వెంటనే ఒక బిడ్డ, వెనకనే ఇంకో బిడ్డ, ఆ తర్వాత ఆడమనిషికి ఆపరేషన్. దానికి ముందు ఏదైనా వాడొచ్చని అనుకునేవాళ్లు తక్కువ. వాడాలని అడగడం సిగ్గుమాలిన పని.

ఒక్క మాత్ర మాత్రం తలెత్తుకుని అడుగుతారు. అది నెలసరిని నాలుగు రోజులు వెనక్కి జరిపేది. వ్రతానికి, గృహప్రవేశానికి, తిరుమల ప్రయాణానికి, తిరునాళ్లకి. తండ్రులు అడుగుతారు, అన్నదమ్ములు అడుగుతారు. మిరప కోతలకు ముఠాతో పొరుగూరు పోయే ఆడవాళ్లు, అక్కడ చాటు ఉండదని అడుగుతారు. నిజానికి డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు. చీటీ ఎవరూ తేరు, నేనూ అడగను. మొత్తం మీద ఆడవాళ్ల ఒంటికి సంబంధించి మా ఊళ్లో గట్టిగా పేరెత్తి అడగగలిగిన మాత్ర అదొక్కటే. అందుకని పెళ్లయిన కొత్తజంటలు అన్నిటికీ దాన్నే నమ్ముకోవడం మొదలుపెట్టారు. నెలసరిని ఆపేది కడుపును మాత్రం ఆపదా అని వాళ్ల లెక్క.

మా అక్క కూతురు చిన్నప్పటి నుంచి బాగా పరుగెత్తేది. డిగ్రీ అయ్యాక కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. మొదటి రాతపరీక్ష పాసయింది. తర్వాత పరుగు, లాంగ్ జంప్ వంటివి ఉంటాయి. వాటిని ఈవెంట్స్ అంటారు. ఆ ఈవెంట్స్ ఇదిగో అదిగో అంటూ జరిగిపోతూ ఉండగా సంబంధం వచ్చింది. అబ్బాయి గుంటూరు మిర్చి యార్డు దగ్గర కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. రైతు కుటుంబమే. ఉద్యోగం వచ్చేదాకా పిల్లలు వద్దని ఆమె పెళ్లిచూపుల్లోనే చెప్పింది. అతను ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న మాట మీద నిలబడ్డాడు కూడా. పెళ్లయ్యాక ఆమె ప్రాక్టీసు కోసం పుట్టింట్లోనే ఉంది. అతను సెలవు దొరికినప్పుడల్లా వచ్చేవాడు. తెల్లవారుతుండగా సాగర్ కాలువ కట్ట మీద ఆమె పరుగెత్తుతుంటే బైకు మీద వెనకే పోతూ ఫోన్లో టైము చూసేవాడు. కట్ట మీద నడకకు వచ్చే పెద్దమనుషులు నవ్వుకునేవాళ్లు. అతను పట్టించుకోలేదు.

పెళ్లయిన కొత్తలోనే మా అక్క షాపుకొచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి. ఆమె మాట్లాడితే పక్క షాపులోవాళ్లు కూడా వినాల్సిందే.

"ఒరేయ్ తమ్ముడూ, దాని పరుగు పిచ్చి నీకు తెలుసుగా. పిల్లలొద్దని మందో మాకో అడుగుద్ది. ఇచ్చావంటే ఊరుకోను. తొలి కాన్పుకు ముందు అయ్యి వాడితే గర్భసంచి ఎండిపోద్ది."

ఎండిపోదు అక్కా, అది ఉత్త మాట అనాలి. అది చెప్పడానికేగా నాకు చదువు. షాపులో జనం ఉన్నారు. సరే అక్కా అన్నాను.

కొన్నాళ్లకు ఆ అబ్బాయి వచ్చాడు. మేనకోడలి భర్త వరసకు కొడుకవుతాడు. నన్ను బాబాయ్ అంటాడు. "బాబాయ్, ఇంట్లో వ్రతం ఉంది. ఆ వాయిదా మాత్రలు ఇస్తారా" అన్నాడు. ఇచ్చాను. అప్పుడు నాకే అనుమానం లేదు. తర్వాత తిరునాళ్లన్నాడు. ఆ తర్వాత స్నేహితుడి గృహప్రవేశం. తర్వాత తర్వాత ఉత్త పూజ. మా అక్క ఇంట్లో దేవుడి పటం ముందు దీపం పెట్టడమే గగనం. ఆమెకు పొలం పనే పూజ. శ్రావణం పోయింది, కార్తీకం పోయింది, ఏ దేవుడికీ ఏమీ లేని రోజుల్లో కూడా ఆ ఇంట్లో పూజలు జరుగుతూనే ఉన్నాయి. అతను గుంటూరు నుంచి వచ్చిన ప్రతిసారీ పూజే. అప్పటికి నాకు అర్థమైంది.

ఎందుకు చెప్పలేదని ఇప్పుడు అడిగితే నా దగ్గర ఉన్న జవాబులన్నీ నాకే విసుగు పుట్టిస్తాయి. కొడుకు వరస వాడితో ఆ మాటలా అని. మేనమామకు మేనకోడల్ని ఇచ్చి చేసే ఊళ్లో, మేనమామ వెళ్లి ఆ పిల్లతో ఇవి మాట్లాడితే ఎలా ఉంటుందని. అక్కకు మాటిచ్చానని. పోనీ మా ఆవిడతో చెప్పించవచ్చు. అదీ చేయలేదు. ఒక్కసారి మాత్రం, "అబ్బాయ్, ఇవి ఎక్కువగా వాడకూడదు" అన్నాను. "అట్టాగే బాబాయ్" అన్నాడు. ఆ ముక్కతో నా బాధ్యత తీరిందనుకున్నాను. ఎక్కువ వాడకూడదన్నానంటే ఇవి బాగా గట్టి మాత్రలని వాళ్లకు ఇంకా నమ్మకం కుదిరిందట. అది తర్వాత తెలిసింది.

అతను ఊళ్లో ఉన్నన్నాళ్లూ మేనకోడలు ఆ మాత్రలు వేసుకునేది. తేదీ దాటితే మాత్రల వల్లే దాటిందనుకునేది. అందుకే కడుపుతో ఉన్న సంగతి ఆలస్యంగా బయటపడింది. తెలిసిన రెండు రోజులకు మధ్యాహ్నం పూట షాపుకొచ్చింది. ఎవరూ లేరు. కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"మామయ్యా, ఆయన ఉన్న ప్రతిరోజూ వేసుకున్నా. అన్నం తినగానే వేసుకున్నా. మరి ఇదెట్టా జరిగింది?"

అప్పుడైనా చెప్పవచ్చు. చెబితే, తెలిసి ఎందుకిచ్చావు అని అడుగుతుంది. నేను పక్కకు తిరిగి అట్టపెట్టెలు సర్దుతూ, "మధ్యలో ఏదో ఒకటి మర్చిపోయి ఉంటావు. ఒక్కటి మర్చిపోయినా అంతే" అన్నాను.

ఆమె అలాగే నిలబడి వేళ్లు మడుస్తూ ఏదో గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది. మందుల గురించి చదివినవాణ్ణి, సొంత మేనమామను, నేను అన్నానంటే నిజమే అయి ఉంటుందనుకుంది. మర్చిపోయానేమో అని వెళ్లిపోయింది.

ఆ మాట ఇంటికి చేరింది. అలారం పెట్టుకోమంటే విన్నావా అని భర్త అన్నాడు. ఆ మాత్రం కోపం అతనికి రావడం సహజం. మాత్రల సంగతి తెలిసి మా అక్క నా మీదకు వచ్చింది. పూజకని అడిగాడు అక్కా, నాకేం తెలుసు అన్నాను. పూజ అనే అబద్ధం వాళ్లకంటే నాకే ఎక్కువ పనికొచ్చింది. దాంతో అక్క కోపమంతా కూతురి మీదకు మళ్లి, కొన్నాళ్లకు వేళాకోళంగా మారింది. ఎవరైనా ఉద్యోగం ఏమైందని అడిగితే, "గోళీ గుర్తుపెట్టుకోలేనిది తుపాకీ ఏం పట్టుకుంటదిలే" అనేది. చుట్టాలు నవ్వేవాళ్లు. ఆ నవ్వేవాళ్లలో నేనూ ఉన్నాను. కడుపు తీయించుకోవడం గురించి ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. ఆ అమ్మాయి మనసులో ఏముందో ఎవరూ అడగలేదు.

ఈవెంట్స్ తేదీలు వచ్చేసరికి ఆమెకు అయిదో నెల. పరుగు బూట్లు అదే వీధిలో ఉండే ఇంకో అమ్మాయికి ఇచ్చేసింది. ఆ అమ్మాయి ఇప్పుడు బాపట్ల వైపు ఎక్కడో కానిస్టేబులు.

పాప పుట్టింది. పాపను చూసుకుని అందరూ మురిసిపోయారు, అందరికంటే ఎక్కువ పాప తల్లే. అంతా మంచికే జరిగిందని నాకు నేను చెప్పుకోవడానికి అది బాగా పనికొచ్చింది. కాన్పు అయిన ఆసుపత్రిలో నర్సు కాపర్-టీ గురించి చెబితే, లోపల పెట్టిన తీగ పైకి పాకి గుండెకు గుచ్చుకుంటుందని మా అక్క గొడవ చేసి మంచం దగ్గరకే రానివ్వలేదట. అక్క ఆ సంగతి నాకు గొప్పగా చెప్పింది. దానికీ తలూపాను.

ఈ సంవత్సరం మళ్లీ పోలీసు ఉద్యోగాలు పడతాయని అన్నారు. ఆమె వయసుకు ఇదే ఆఖరి అవకాశం. పాపను తల్లికి అప్పగించి మళ్లీ కాలువ కట్ట మీద పరుగు మొదలుపెట్టింది. మొదట్లో ఆయాసపడింది. తర్వాత కుదురుకుంది. కొత్త బూట్లు భర్తే కొన్నాడు.

మాఘమాసంలో ఒక ఉదయం అతను షాపుకొచ్చాడు. ఊరంతా మిరపకాయ ఘాటు. కల్లాల్లో కాయలు ఆరుతున్నాయి. అతను చుట్టూ చూసి, "బాబాయ్, ఇంట్లో పూజ ఉంది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఏం పూజరా" అన్నాను.

తల గోక్కున్నాడు. "అదేలెండి బాబాయ్. మళ్లీ పరీక్షలు గదా. ఈసారి నేనే దగ్గరుండి వేయిస్తా. నేను లేనప్పుడు ఫోన్ చేసి వేయిస్తా. పోయినసారి మర్చిపోబట్టేగా అంత పనయింది."

మూడేళ్ల కిందట పెట్టెల వైపు తిరిగి నేనన్న మాట అది. ఇంకా పనిచేస్తోంది. ఈసారి కూడా ఆ మాత్రలనే నమ్ముకుంటారు, ఈసారి కూడా ఆమె పరుగు అయిదో నెలలో ఆగిపోతుంది. అప్పుడు కూడా ఏదో ఒక పూట మర్చిపోయావనే అంటారు.

అనవలసింది నన్ను నేను. అరిచింది అతని మీద. కండోములు అమ్ముతున్నాను గదా, కళ్లెదురుగా ఉన్నాయి గదా, అవి ఎప్పుడైనా అడిగావా అన్నాను. అతను నిజంగా నొచ్చుకున్నాడు.

"ఛ, పెళ్లాం దగ్గర అయ్యేంది బాబాయ్. అయ్యి లారీ డ్రైవర్లకు గదా."

ఒకప్పుడు హైవే పొడుగునా గోడల మీద ఎయిడ్స్ గురించి రాసిన రాతలు చదువుకుంటూ బడికి పోయినవాడు. కండోమంటే జబ్బు మనుషులదని అతని మనసులో పడిపోయింది. అది కూడా నేను ఏనాడో అడిగి తెలుసుకోవలసిన సంగతి. పొలంలో తెగులొస్తే ఏ మందు దేనికని అరగంట అడుగుతావు, ఇంట్లోకి కొనుక్కుపోయేదాన్ని ఇది దేనికని ఒక్కసారి అడిగావా అన్నాను. "మీరు చెప్తారనుకున్నా" అన్నాడు. అతను దెప్పలేదు. మామూలుగానే అన్నాడు.

అప్పుడు చెప్పాను. "ఇవి ఆ మాత్రలు కాదు. ఇవి నెలసరిని నాలుగు రోజులు వెనక్కి నెడతాయి, అంతే. కడుపు రాకుండా ఆపవు. అమ్మాయి ఏదీ మర్చిపోలేదు."

అతను కౌంటరు మీదకు వంగాడు. "మీకు అప్పుడే తెలుసా బాబాయ్?"

తెలుసన్నాను.

"దాన్ని ఎన్ని మాటలన్నానో మీకు తెలీదు" అన్నాడు. షాపు మెట్లు దిగుతూ, "ఈ మాట నేను చెప్పను. మీరే రండి" అని బైకు తీశాడు. షట్టరు దించి వెనక కూర్చున్నాను.

కల్లంలో పట్టాల మీద కాయలు పోసి ఉన్నాయి. మా అక్క తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చుని ఉంది. చుట్టూ కూలికి వచ్చిన ఆడవాళ్లు, వాళ్ల మధ్య మేనకోడలు, తెల్లబారిన తాలుకాయల్ని ఏరి పక్కన పడేస్తున్నారు. ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉన్నారు. పాప చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో నిద్రపోతోంది. పనిమానుకుని ఈ వేళప్పుడు వచ్చావేందిరా అంది అక్క. మేనకోడల్ని పక్కకు పిలిచి చెబుదామా అనిపించింది. పక్కకు పిలిచి మాట్లాడే అలవాటు వల్లే ఇంతదాకా వచ్చిందని నిలబడే మొదలుపెట్టాను. ఆ మాత్రలు కడుపు ఆపేవి కాదని, అమ్మాయి వేసుకోవడంలో తప్పేమీ లేదని అన్నాను.

అక్క చేతిలో కాయలు పడేసింది. "నలుగురిలో ఆ మాటలేందిరా?"

"గోళీ గుర్తుపెట్టుకోలేనిదని నలుగురిలోనేగా అక్కా అన్నది."

మేనకోడలు తలెత్తలేదు. చేతులు మాత్రం ఆగాయి.

"నేను మర్చిపోలేదా మామయ్యా?"

"లేదమ్మా."

"మూడేళ్లుగా ఎతుక్కుంటన్నా, ఏ రోజు మర్చిపోయానా అని. పాపకు పాలిస్తా కూడా అదే ఆలోచన." తర్వాత తలెత్తింది. "నీకు తెలిసే ఇచ్చావా?"

తెలిసే ఇచ్చానన్నాను. కూలి ఆడవాళ్లు ఏరడం ఆపేశారు. ఆమె ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. పక్కనున్న బస్తా దగ్గరకు లాక్కుని దాని మీద కూర్చుంది.

"సరే. మరి ఏవి పనిచేస్తాయో చెప్పు. ఇక్కడే చెప్పు, అందరూ వింటారు."

చెప్పాను. రోజూ తప్పకుండా వేసుకునే మాత్రలు వేరే ఉన్నాయని, అవి వరసగా వేసుకోవాలి గాని భర్త ఊళ్లో ఉన్నప్పుడు మాత్రమే కాదని. కండోములు మొగుడూపెళ్లాల కోసం కూడానని. అప్పుడు ఆమె భర్త కాలి బొటనవేలితో మట్టి గీస్తున్నాడు. మూడు నెలలకోసారి వేసే సూది ఉందని, కాపర్-టీ గుండెకు పోదని, ఎవరికి ఏది సరిపడుతుందో ముందు డాక్టరమ్మకు చూపించుకోవాలని చెప్పాను. మొదట్లో నా గొంతు నాకే వినపడలేదు. కొంచెం గట్టిగా చెప్పన్నా అని ఒకామె అంది. పాలిచ్చేవాళ్లకు కూడా ఇవేనా అని చంటిపిల్లల తల్లి ఒకామె అడిగింది. పాలిచ్చేవాళ్లకు సరిపడేవి వేరే ఉంటాయి, డాక్టరమ్మకు ఆ సంగతి చెప్పి రాయించుకోవాలన్నాను. మానేశాక పిల్లలు పుడతారా అని ఇంకొకామె. పుడతారన్నాను.

"గర్భసంచి ఎండిపోదా?" అంది మా అక్క.

"ఎండిపోదక్కా."

"మరి ఆ రోజే ఆ మాట నా మొహాన చెప్పొచ్చు గదరా. నాకేం తెలుసు? ఎవరో అంటే విన్నా. చదువుకున్నోడివి, సరే అక్కా అన్నావు." ఆమె గొంతు ఎప్పటిలా లేదు. కూతురి వైపు చూడకుండా మళ్లీ కాయలు ఏరడం మొదలుపెట్టింది. ఏరిన తాలుకాయల్ని మంచి కాయల్లోనే వేస్తోంది. పక్కనున్నామె వాటిని మళ్లీ ఏరి అవతల పడేస్తోంది.

మేనకోడలు లేచి నిలబడింది. చీరకు అంటిన గింజలు దులుపుకుంది.

"ఇదంతా చెప్పడానికి ఎంతసేపు పట్టింది మామయ్యా? మేమింకా ఒక బస్తా కూడా ఏరలా."

దారి పొడుగునా అనుకున్న మాటలు ఏవీ గుర్తుకు రాలేదు. వాళ్లమ్మ, ఆమె భర్త, కూలివాళ్లు అందరూ చూస్తుండగా ఆమె ముందు నిలబడి, ఈసారి అందరికీ వినపడేట్టు అన్నాను.

"నువ్వు ఒక్క మాత్ర కూడా మర్చిపోలేదమ్మా. పనికిరావని తెలిసి అమ్మింది నేను. నువ్వొచ్చి అడిగిన రోజు నా తప్పు నీ మీదకు నెట్టాను. వీళ్లంతా నిన్ను ఎగతాళి చేస్తుంటే వాళ్లతో పాటు నవ్వాను. నీ పరుగు ఆగిపోయింది నా వల్ల. నన్ను క్షమించు తల్లీ."